ముందు గడియారం, తర్వాత హార్మోన్: ఒక పీఐసీయూ ప్రాజెక్టు డైరీ

ప్రశ్న ఖరారు

పిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో (పీఐసీయూ) జబ్బు తీవ్రతకీ, రక్తంలోని హార్మోన్లకీ ఉన్న సంబంధం మీద మా చిన్న అధ్యయనానికి ప్రోటోకాల్ రాయడం మొదలుపెట్టాం. చివరికి నాలుగు హార్మోన్లు మిగిలాయి: థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చే టీ3, ఫ్రీ టీ4 (ప్రొటీన్లకి అతుక్కోకుండా విడిగా ఉన్న టీ4), ఆ గ్రంథిని పనిచేయించే పిట్యూటరీ గ్రంథి హార్మోన్ టీఎస్‌హెచ్, అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్. మొదట రాసుకున్న జాబితా చాంతాడంత ఉండేది. వాసోప్రెసిన్, ప్రొలాక్టిన్, ఐజీఎఫ్-1, లెప్టిన్, ఇన్సులిన్ అన్నీ అందులో ఉన్నాయి. గైడ్ మేడమ్ ఆ కాగితం చూసి, "ఇన్ని కొలిస్తే ఏదో ఒకటి సిగ్నిఫికెంట్ అని వచ్చి తీరుతుందమ్మా. అది మన గొప్పతనం కాదు, లెక్కల ధర్మం" అన్నారు. ఆ మాటతో సగానికి పైగా పేర్లు పోయాయి.

ఇప్పటికే తెలిసింది చాలా ఉంది. ఏ జబ్బైనా ముదిరితే, థైరాయిడ్ గ్రంథిలో ఏ లోపమూ లేకపోయినా, టీ3 కొన్ని గంటల్లోనే పడిపోతుంది. టీ4ని టీ3గా మార్చే టైప్-1 డీఅయోడినేజ్ ఎంజైమ్ పని మందగిస్తుంది. టీ4ని పనికిరాని రివర్స్ టీ3 వైపు మళ్లించే టైప్-3 ఎంజైమ్ చురుకవుతుంది. జబ్బు ఇంకా తీవ్రమైతే, ఇంకా ఎక్కువ రోజులు సాగితే టీ4 కూడా తగ్గుతుంది. మామూలు లెక్క ప్రకారం టీ3, టీ4 తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ పెరగాలి. ఇక్కడ అది నార్మల్‌గానో, కాస్త తక్కువగానో ఉండిపోతుంది. దీన్నే నాన్ థైరాయిడల్ ఇల్‌నెస్ సిండ్రోమ్ అంటారు. వార్డులో మాత్రం అందరూ 'సిక్ యూథైరాయిడ్' అనే అంటారు. కోలుకునే దశలో టీఎస్‌హెచ్ కొన్నాళ్లపాటు పైకి లేస్తుంది, ఒక్కోసారి 20 దాకా పోతుంది. ఆ వారంలో ఎవరైనా కొత్తగా పరీక్ష చేయిస్తే హైపోథైరాయిడిజం అనుకుని మాత్రలు మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

అంటే 'జబ్బు ఎక్కువైతే టీ3 తక్కువ' అని ఇంకోసారి రుజువు చేయడానికి పిల్లల రక్తం తీయనక్కర్లేదు. మా ప్రశ్నని ఇలా మార్చాం: చేరిన రోజు హార్మోన్ విలువ, తీవ్రత స్కోరు అప్పటికే చెప్పేసినదానికి మించి ఇంకేమైనా చెబుతుందా? చెబితే అది నిజంగా జబ్బు చెబుతున్న మాటేనా, లేక మనమిచ్చిన మందులూ గడిచిన గంటలూ చెబుతున్న మాటా?

రెండో ప్రశ్న నేనే పట్టుబట్టి చేర్పించాను. ఈ ప్రాజెక్టులో నాకు నిజమైన ఆసక్తి అక్కడే.

తీవ్రతని దేనితో కొలవాలి

అనుకున్నదానికంటే పెద్ద చర్చే జరిగింది. పిల్లల కోసం స్కోర్లకి కొదవ లేదు. ప్రిజం-3 ఉంది, 1996లో వచ్చింది. 17 శారీరక కొలతల్లో మొదటి 12 లేదా 24 గంటల్లో నమోదైన అన్నిటికంటే చెడ్డ విలువలు తీసుకుంటుంది. పిమ్-3 ఉంది, 2013లో వచ్చింది. పిల్లవాడిని ఇంటెన్సివ్ కేర్ డాక్టరు మొదటిసారి చూసిన దగ్గర్నుంచి ఐసీయూకి చేరిన గంటలోపు విలువలతోనే మరణ అవకాశం లెక్కిస్తుంది. పెలాడ్-2 కూడా 2013దే. అది అవయవాల వైఫల్యాన్ని రోజురోజూ చూస్తుంది. పెద్దల్లో అవయవాల వైఫల్యాన్ని కొలిచే సోఫా స్కోరుని పిల్లల వయసులకి తగ్గట్టు సవరించిన పీ-సోఫా 2017లో, సెప్సిస్‌కి (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) కొత్త నిర్వచనంగా ఫీనిక్స్ స్కోరు 2024లో వచ్చాయి. గుండె మందుల మోతాదులన్నీ కలిపి ఒక అంకెగా చెప్పే వాసోయాక్టివ్ ఇనోట్రోపిక్ స్కోరు 2010 నుంచి వాడుకలో ఉంది. డోపమిన్, డొబ్యుటమిన్ మోతాదులు యథాతథంగా, అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ వందతో, మిల్రినోన్ పదితో, వాసోప్రెసిన్ పదివేలతో గుణించి కూడతారు.

చాలామంది ఇక్కడ చూసీ చూడకుండా దాటేసే చిక్కు ఒకటుంది. డోపమిన్ డ్రిప్ పిట్యూటరీ మీద పనిచేసి టీఎస్‌హెచ్‌ని నేరుగా అణచేస్తుంది. ఆ వాసోయాక్టివ్ స్కోరులో డోపమిన్ ఒక భాగం. ఇక 'స్కోరు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ తగ్గింది' అని గ్రాఫ్ గీస్తే అందంగానే వస్తుంది. కానీ అది కొంతవరకు డోపమిన్‌ని డోపమిన్‌తోనే పోల్చడం. ప్రిజం-3లో రక్తంలోని గ్లూకోజ్ ఒక అంశం. కార్టిసాల్ పెరిగితే గ్లూకోజ్ పెరుగుతుంది. అంటే అక్కడ కూడా కొలిచేదీ, దేనితో పోలుస్తున్నామో అదీ వెనక నుంచి చేతులు కలిపి ఉన్నాయి.

అందుకే ఇలా నిర్ణయించాం. చేరినప్పటి తీవ్రతకి పిమ్-3, ఎందుకంటే మేమిచ్చే మందులు పని మొదలుపెట్టకముందే దాని లెక్క దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత రోజులకి పెలాడ్-2. అందులో స్పృహ, కంటిపాపలు, లాక్టేట్, సగటు రక్తపోటు, క్రియాటినిన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, వెంటిలేటర్, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మొత్తం పది అంశాలు. గ్లూకోజ్ లేదు, మందుల మోతాదులు లేవు. వాసోయాక్టివ్ స్కోరుని వేరే వరుసలో రాస్తాం. తీవ్రతకి కొలబద్దగా కాదు, హార్మోన్లని తారుమారు చేసే కారణంగా.

ఇంకో సంగతి. పిమ్-3 లాంటివి ఒక యూనిట్ పనితీరుని ఇంకో యూనిట్‌తో పోల్చడానికి తయారు చేసినవి. ఒక్క పిల్లవాడి భవిష్యత్తు చెప్పడానికి కాదు. తల్లిదండ్రులకి ఆ శాతం చెప్పొద్దని ప్రోటోకాల్‌లోనే రాసేశాం.

ఎంత రక్తం, ఎన్నిసార్లు

పిల్లల శరీరంలో కిలోకి దాదాపు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మూడు కిలోల పసిబిడ్డకి మొత్తం కలిపి 240. పరిశోధన కోసం 24 గంటల్లో మొత్తం రక్తంలో 1 నుంచి 5 శాతం దాకా, ఎనిమిది వారాల్లో 10 శాతం దాకా తీయొచ్చని వేర్వేరు మార్గదర్శకాలు చెబుతాయి. జబ్బుగా ఉన్న పిల్లల విషయంలో కింది అంచునే ఉండమంటారు. ఆ బిడ్డ నుంచి చికిత్స కోసమే రోజూ గ్యాసులకీ, ఎలక్ట్రోలైట్లకీ, కల్చర్లకీ రక్తం పోతూనే ఉంటుంది. మా పరిశోధన వల్ల ఒక్క బిడ్డకి రక్తం ఎక్కించాల్సి వచ్చినా ఈ ప్రాజెక్టుకి అర్థం లేదు.

కాబట్టి విడిగా సూది గుచ్చడం లేదు. రొటీన్ పరీక్షలకి లైన్ (రక్తనాళంలో ఉంచిన గొట్టం) నుంచి తీసేటప్పుడే చిన్న ట్యూబులో అర మిల్లీలీటరు అదనంగా, లేదంటే రొటీన్ శాంపిల్‌లో మిగిలిన సీరమ్. చేరినప్పుడు, 24 గంటలకి, 72 గంటలకి. అంతే.

ఈ నిర్ణయంతో ఏసీటీహెచ్ (కార్టిసాల్ తయారు చేయమని అడ్రినల్‌కి పిట్యూటరీ పంపే హార్మోన్) జాబితాలోంచి పోయింది. దానికి ఈడీటీఏ ట్యూబు కావాలి, ఐసులో పెట్టాలి, వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా విడదీయాలి. అర్ధరాత్రి రెండు అడ్మిషన్లు ఒకేసారి వచ్చినప్పుడు అవన్నీ జరుగుతాయని కాగితం మీద రాసుకోవచ్చు, వార్డులో నమ్మలేం. చెడిపోయిన ఏసీటీహెచ్ విలువ ఉండటం కంటే లేకపోవడమే మేలు. సీరమ్‌లో కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్లు అంత సుకుమారమైనవి కావు.

అప్పుడే పుట్టిన శిశువుల్ని కూడా మినహాయించాం. పుట్టిన మొదటి రోజున టీఎస్‌హెచ్ ఒక్కసారిగా 60 దాటి పోవడం మామూలే. తర్వాత రోజుల్లో దిగుతుంది. నెల లోపు బిడ్డనీ, పదేళ్ల పిల్లనీ ఒకే గ్రాఫ్ మీద పెడితే వయసుని కొలిచినట్టే తప్ప జబ్బుని కొలిచినట్టు కాదు. నెల దాటిన పిల్లల్లోనూ టీ3 మామూలు విలువలు పెద్దలకంటే ఎక్కువే. అందుకే ముడి అంకెలు కాకుండా, ప్రతి విలువా ఆ వయసు సగటుకి ఎంత దూరంలో ఉందో లెక్కించి వాడతాం.

సమ్మతి గురించి కొంచెం. బిడ్డని వెంటిలేటర్ మీద పెట్టిన పది నిమిషాలకి తల్లి చేతిలో పెన్ను పెట్టి సంతకం అడగడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. మిగిలిన సీరమ్‌ని ముందు భద్రపరచి, కుటుంబం కాస్త తేరుకున్నాక అడిగి, వద్దంటే పారేసే పద్ధతికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది. వద్దన్నవాళ్ల నుంచి మళ్లీ కారణాలు అడగకూడదని కమిటీ పెట్టిన షరతు నాకు బాగా నచ్చింది.

కార్టిసాల్ దగ్గర ఆగాం

థైరాయిడ్ భాగం రాయడం తేలిగ్గా అయిపోయింది. కార్టిసాల్ పేరా మాత్రం రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నాం.

అసలు చిక్కు 'ఎంత ఉంటే తక్కువ?' అన్న దగ్గరే. పెద్దల కోసం 2008లో వచ్చిన ఏకాభిప్రాయ పత్రం రెండు గీతలు గీసింది. ఎప్పుడు తీసినా కార్టిసాల్ డెసీలీటరుకి 10 మైక్రోగ్రాములకంటే తక్కువ ఉండటం ఒకటి. 250 మైక్రోగ్రాముల ఏసీటీహెచ్ ఇచ్చాక పెరుగుదల 9 కంటే తక్కువ ఉండటం ఇంకొకటి. 2017 మార్గదర్శకాలు కూడా దాదాపు అక్కడే నిలబడ్డాయి. పిల్లలకి ఇంతగా అందరూ ఒప్పుకున్న గీత లేదు. కెనడాలో ఏడు పీఐసీయూల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం, పెరుగుదల 9 దాటకపోవడాన్ని కొలబద్దగా తీసుకుంటే దాదాపు 30 శాతం పిల్లల్లో అడ్రినల్ లోపం ఉందని చెప్పింది. గీత జరిపితే ఆ శాతమూ జరుగుతుంది.

రెండో చిక్కు, కార్టిసాల్‌కీ ప్రమాదానికీ మధ్య సంబంధం సూటిగా లేదు. ఎక్కువగా ఉన్నా చెడ్డ సూచనే, తక్కువగా ఉన్నా చెడ్డ సూచనే కావొచ్చు. సెప్టిక్ షాక్‌లో ఉన్న పెద్దల మీద 2000లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన పరిశోధనలో, మొదటి విలువ 34 దాటి, ఏసీటీహెచ్ ఇచ్చినా 9 కూడా పెరగనివాళ్ల పరిస్థితి అన్నిటికంటే దారుణంగా తేలింది. అదే ఏడాది నెదర్లాండ్స్ నుంచి మెనింగోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే సెప్సిస్ (మెనింగోకాకల్ సెప్సిస్) ఉన్న పిల్లల మీద వచ్చిన పరిశోధనలో మరోలా ఉంది. చనిపోయిన పిల్లల్లో ఏసీటీహెచ్ ఆకాశంలో ఉంది, కార్టిసాల్ మాత్రం బతికినవాళ్లకంటే తక్కువ. పిట్యూటరీ కేకలు వేస్తున్నా అడ్రినల్ పలకలేదన్నమాట. ఈ రెంటినీ ఒకే సరళరేఖలో ఇరికిస్తే పైకి పోయేదీ కిందికి పోయేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, 'సంబంధం లేదు' అని తేలుతుంది. అందుకే స్టాటిస్టిక్స్ సార్ వంపు తిరిగే రేఖకి ముందే చోటు పెట్టమన్నారు. స్ప్లైన్ అంటారు దాన్ని.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. రక్తంలో కార్టిసాల్ 90 శాతానికి పైగా ప్రొటీన్లకి అతుక్కుని తిరుగుతుంది. ఎక్కువ భాగం దానికోసమే ఉన్న బైండింగ్ గ్లోబ్యులిన్‌కి, కొంత ఆల్బుమిన్‌కి. పని చేసేది విడిగా ఉన్న కొద్ది భాగమే. మంట రేగిన చోట న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు విడుదల చేసే ఎలాస్టేజ్ ఎంజైమ్ ఆ గ్లోబ్యులిన్‌ని కత్తిరించేస్తుంది. అప్పుడు కార్టిసాల్ సరిగ్గా అవసరమైన చోటే విడుదలవుతుంది. శరీరం చేసుకున్న చక్కటి ఏర్పాటిది. కానీ ల్యాబ్ కొలిచేది మొత్తం కార్టిసాల్. షాక్‌లో ఉన్న పిల్లలకి మొదటి గంటలో కిలోకి 40 నుంచి 60 మిల్లీలీటర్ల ఫ్లూయిడ్ ఎక్కించాక, రక్తనాళాలు కారిపోతూ ఆల్బుమిన్ పడిపోయాక, మొత్తం కార్టిసాల్ 12 అని వస్తే అది లోపమా, పలచబడటమా? ఆల్బుమిన్ విలువ పక్కన లేకుండా చెప్పలేం. ఆల్బుమిన్ కాలమ్ తప్పనిసరి అయింది. ఎక్కించిన ఫ్లూయిడ్ కాలమ్ కూడా.

ఇక కార్టిసాల్ ఎక్కువ ఉంటే అడ్రినల్ బాగా పనిచేస్తోందని అనుకోవడం కూడా కుదరదు. 2013లో బెల్జియంలోని లూవెన్ బృందం, ఐసీయూలో ఉన్న పెద్దల్లో కార్టిసాల్ తయారీ రెట్టింపు కూడా కాలేదని, అసలు కారణం దాన్ని విరగ్గొట్టే పని సగానికి పైగా తగ్గిపోవడమని చూపించింది. ఏసీటీహెచ్ తక్కువగా ఉండి కార్టిసాల్ ఎక్కువగా ఉండటం అప్పటిదాకా పొడుపుకథలా ఉండేది. కుళాయి తిప్పినందుకు కాదు, తూము మూసుకుపోయినందుకు తొట్టి నిండింది. పిల్లల్లో కూడా ఇలాగే జరుగుతుందనుకుంటే, చేరిన రోజు విలువకీ 72 గంటల విలువకీ అర్థాలు వేరు. రెండిటినీ ఒకే కుప్పలో వేయకూడదని గట్టిగా రాసుకున్నాం.

ల్యాబ్‌తో మాటలు

బయోకెమిస్ట్రీ సార్‌తో కూర్చున్న మధ్యాహ్నం ఈ ప్రాజెక్టుకి చాలా మేలు చేసింది. ఆయన మొదటి ప్రశ్నే, "మెటబాలిక్ క్రైసిస్ అనుమానంతో వచ్చే పిల్లలకి మీరు బయోటిన్ ఇస్తారా?" ఇస్తాం. కారణం తేలేదాకా విటమిన్లు కలిపి ఇచ్చే కాక్‌టెయిల్‌లో అది ఉంటుంది, అదీ పెద్ద మోతాదులో. చాలా ఇమ్యునో అస్సేలు (యాంటీబాడీలతో హార్మోన్లని కొలిచే పరీక్షలు) ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జంట మీద నడుస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, టీ3, టీ4 తప్పుగా ఎక్కువ వస్తాయి. రిపోర్టు చూస్తే థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధిలా అచ్చం ఉంటుంది. ఆ అస్సేలో కార్టిసాల్ కూడా అలాగే తప్పుగా ఎక్కువ రావొచ్చు.

తర్వాత హెపారిన్. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టిన గొట్టం) మూసుకుపోకుండా చాలాచోట్ల హెపారిన్ కలిపిన ద్రవం పోనిస్తారు. హెపారిన్ వల్ల కొవ్వుని విడగొట్టే లైపోప్రొటీన్ లైపేజ్ ఎంజైమ్ రక్తంలోకి విడుదలవుతుంది. ట్యూబులో ఉండగానే కొవ్వు ఆమ్లాలు పెరిగి, ప్రొటీన్‌కి అతుక్కున్న టీ4ని తోసేస్తాయి. ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. ఆలస్యం చేసేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అంటే లైన్ నుంచి తీయాలంటే మొదటి కొంత రక్తాన్ని పక్కకి తీసి, శాంపిల్ తీశాక తిరిగి ఎక్కించాలి, ట్యూబుని త్వరగా తిప్పాలి, లైన్‌లో హెపారిన్ ఉందో లేదో రాయాలి.

స్టెరాయిడ్లు సరేసరి. హైడ్రోకార్టిసోన్ అంటేనే కార్టిసాల్, ఇస్తే కొలతలో అదే కనబడుతుంది. ప్రెడ్నిసొలోన్‌ని చాలా అస్సేలు కొంతవరకు కార్టిసాల్‌గా పొరబడతాయి. డెక్సామెథసోన్ కొలతలో కనపడదు గానీ, పిల్లవాడి సొంత కార్టిసాల్‌ని అణచేస్తుంది. శ్వాస ట్యూబ్ తీసేముందు గొంతు వాపు రాకుండా ఇచ్చే నాలుగు డోసుల డెక్సా కూడా లెక్కలోకి వస్తుంది. ఆస్తమాతో వచ్చే పిల్లలు దాదాపు అందరూ దార్లోనే స్టెరాయిడ్ తీసుకుని వస్తారు. వాళ్లని థైరాయిడ్ భాగంలో ఉంచి, కార్టిసాల్ భాగంలోంచి తప్పించాం. థైరాయిడ్ భాగంలో కూడా గుర్తు పెట్టి ఉంచాం, ఎందుకంటే పెద్ద మోతాదు స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ని కూడా తగ్గిస్తాయి.

ఇంటుబేషన్‌కి (శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడానికి) ఎటోమిడేట్ అనే మత్తుమందు వాడితే ఒక్క డోసే కార్టిసాల్ తయారీకి కావాల్సిన 11-బీటా హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్‌ని అడ్డుకుని, దాదాపు ఒక రోజుదాకా కార్టిసాల్ తయారీని కుంటుపరుస్తుంది. ఇంకోచోట ఇంటుబేట్ చేసి పంపిన పిల్లల విషయంలో ఏ మందు వాడారన్నది రిఫరల్ కాగితంలో ఉండకపోతే ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే.

యూనిట్ల సంగతి త్వరగా తేల్చేశాం. కార్టిసాల్ డెసీలీటరుకి మైక్రోగ్రాములని 27.6తో గుణిస్తే లీటరుకి నానోమోల్స్. 18 అంటే దాదాపు 500. ఎక్సెల్ షీటులో ఒకే యూనిట్, వేరేది టైప్ చేస్తే గడి ఎర్రబడుతుంది.

ఫారంలో కొత్త కాలమ్

పైలట్‌గా కొద్దిమంది పిల్లల ఫారాలు నింపి చూశాక, సీనియర్ సిస్టర్ ఒకావిడ అడిగిన మాటతో ఫారం మారింది. "డాక్టర్ గారూ, అడ్మిషన్ టైమ్ రాస్తున్నాం సరే. జ్వరం ఎప్పుడు మొదలైందో ఎక్కడ రాయాలి? ఈ బాబు పొద్దున దాకా ఆడుకున్నాడట, పక్క బెడ్ పాపకి వారం నుంచి బాలేదు. ఇద్దరికీ జీరో అవర్ ఒకటేనా?"

సరిగ్గా ఇదే విషయం మెనింగోకాకల్ సెప్సిస్ పరిశోధనల్లో ఉంది. టీ3 తగ్గడం, రివర్స్ టీ3 పెరగడం జబ్బు తీవ్రతకి గుర్తయితే, చనిపోయిన పిల్లల్లో టీ3కీ రివర్స్ టీ3కీ మధ్య నిష్పత్తి అన్నిటికంటే తక్కువ ఉండాలి. వాళ్లకి దొరికింది అందుకు తలకిందులు. చనిపోయిన పిల్లల్లోనే ఆ నిష్పత్తి ఎక్కువ. కారణం వెతికితే, ఆ పిల్లలకి జబ్బు అంత వేగంగా ముదిరింది. మొదటి లక్షణం కనిపించి ఆసుపత్రికి చేరేసరికి కొన్ని గంటలే. థైరాయిడ్ మార్పు పూర్తిగా రావడానికి వ్యవధే దొరకలేదు. గంటల లెక్క చూడకుండా 'టీ3 మరీ అంత తగ్గలేదు కదా' అని ఊరట పడితే, అన్నిటికంటే ప్రమాదంలో ఉన్న బిడ్డే కళ్లుగప్పి పోతుంది.

అందుకే ఇప్పుడు ఫారంలో మొదటి గడి హార్మోన్ కాదు, అడ్మిషన్ టైమ్ కూడా కాదు. మొదటి లక్షణం ఎప్పుడు కనిపించిందో ఇంటివాళ్లు చెప్పిన సమయం. కచ్చితంగా చెప్పలేరు, నిజమే. "నిన్న పాలు తాగలేదు", "మొన్న రాత్రి నుంచి మూలుగుతోంది" అంటారు. దాన్ని ఆరు గంటల తేడాతో రాసుకున్నా చాలు. కడుపులో చివరిసారి పడింది ఎప్పుడో కూడా అడుగుతున్నాం, ఎందుకంటే ఒట్టి పస్తులుంటే చాలు, టీ3 తగ్గుతుంది. 2016లో ప్రచురించిన పెపానిక్ ట్రయల్‌లో 1440 మంది పిల్లల్ని చేర్చారు. సెలైన్ ద్వారా పూర్తి పోషణని ఒక వారం ఆలస్యం చేసిన గుంపులో ఇన్ఫెక్షన్లు తగ్గాయి, ఐసీయూ నుంచి తొందరగా బయటపడ్డారు. తర్వాత జరిగిన విశ్లేషణలో ఆ గుంపులో థైరాయిడ్ విలువలు ఇంకా దిగువకి పోయాయని తేలింది. అంకెలు కిందికి, పిల్లలు బాగు. టీ3 తగ్గుదల మొత్తం జబ్బు చేసిన నష్టం కాదని, అందులో కొంత శరీరం కావాలని చేసే పొదుపు కావొచ్చని నాకనిపించడానికి ఇదొక కారణం.

తక్కువుంటే ఇచ్చేస్తే పోలా?

రౌండ్స్‌లో ఒక జూనియర్ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. లోటు కనబడితే పూడ్చాలనిపించడం సహజం. కానీ ఇంటెన్సివ్ కేర్ చరిత్రలో ఈ ఆలోచనకి గట్టి ఎదురుదెబ్బలు తగిలాయి. ఐసీయూలో ఎక్కువ రోజులున్న పెద్దలకి గ్రోత్ హార్మోన్ ఇచ్చిన రెండు ట్రయల్స్ 1999లో వచ్చాయి. కండ క్షీణించకుండా ఆపుదామని మొదలుపెట్టారు. ఇచ్చిన గుంపులో మరణాలు దాదాపు రెట్టింపయ్యాయి. గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లలకి టీ3 ఇచ్చిన ట్రయల్ 2010లో వచ్చింది, 193 మంది పిల్లలతో. మొత్తం మీద వెంటిలేటర్ సమయంలో తేడా రాలేదు. ఐదు నెలల లోపు వాళ్లలో కొంత మేలు కనిపించింది, అదీ ఉపవర్గ విశ్లేషణలో. పిల్లల్లో గ్లూకోజ్‌ని ఇన్సులిన్‌తో కట్టడి చేసిన హాఫ్-పింట్ ట్రయల్ 2017లో వచ్చింది. మేలు లేకపోగా గ్లూకోజ్ మరీ పడిపోవడం ఎక్కువైందని దాన్ని మధ్యలోనే ఆపారు. సెప్టిక్ షాక్‌లో హైడ్రోకార్టిసోన్ మీద 2020 పిల్లల మార్గదర్శకాలు, ఫ్లూయిడ్లూ మందులూ ఇచ్చినా రక్తపోటు నిలవకపోతే ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూవచ్చు అన్నట్టుగా బలహీన సిఫార్సుతో ఆగాయి. ఫ్లూయిడ్లతో, మందులతో నిలదొక్కుకున్న పిల్లలకి వద్దన్నాయి.

"మరైతే కొలవడం దేనికి సార్?" అన్నాడు. ముందే అడ్రినల్ జబ్బున్న పిల్లవాడు, చాలాకాలం స్టెరాయిడ్ వాడి మానేసిన పిల్లవాడు, పిట్యూటరీ దగ్గర గడ్డ ఉన్న పిల్లవాడు వేరే కథ. వాళ్లకి హార్మోన్ ప్రాణం నిలబెడుతుంది, రిపోర్టు కోసం ఎదురుచూడకుండానే ఇవ్వాలి. మిగతావాళ్లలో కొలవడం దేనికన్నదే ఈ ప్రాజెక్టు అడుగుతున్న ప్రశ్న. జవాబు 'అక్కర్లేదు' అని వచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఒక పరీక్ష తగ్గితే ఒక పసిబిడ్డ ఒంట్లో అర మిల్లీలీటరు రక్తం మిగులుతుంది.

ఉత్తుత్తి పిల్లలు

అసలు ఫలితాలు ఎవరూ చూడకూడదని ముందే ఒప్పందం. శాంపిళ్లన్నీ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటాయి, చివర్లో ఒకే బ్యాచ్‌గా నడుపుతారు. ఈలోగా విశ్లేషణ ప్రోగ్రాం రాసి, కంప్యూటర్‌తో కల్పించిన డేటా మీద నడిపాం.

స్టాటిస్టిక్స్ సార్ ఒక చమత్కారం చేశారు. టీఎస్‌హెచ్‌కీ జబ్బు తీవ్రతకీ అసలు సంబంధమే లేని పిల్లల్ని తయారు చేశారు. టీఎస్‌హెచ్ తగ్గేది డోపమిన్ వల్లే. డోపమిన్ మాత్రం జబ్బు ఎక్కువున్న పిల్లలకే ఎక్కువ ఇస్తారు, మనం వార్డులో చేసినట్టే. మామూలుగా కోరిలేషన్ చూస్తే బ్రహ్మాండమైన సంబంధం వచ్చింది, నేరుగా పేపర్ రాసి పంపేయొచ్చు. డోపమిన్ కాలమ్ చేర్చగానే అది మాయమైంది. రెండోసారి కార్టిసాల్‌కి రెండు వైపులా ప్రమాదం పెట్టి కల్పించారు. సరళరేఖ ఏమీ లేదంది, స్ప్లైన్ వంపుని పట్టుకుంది. మూడోసారి అన్నీ సున్నా సంబంధాలతో, ఇరవై హార్మోన్లతో. రెండు మూడు 'సిగ్నిఫికెంట్' అని తేలాయి. మేడమ్ మొదటి రోజు అన్న మాట తెర మీద కనబడింది.

మరణాన్ని ప్రధాన ఫలితంగా పెట్టుకోలేదు. పిల్లల్లో అదృష్టవశాత్తూ మరణాలు తక్కువ. కొద్దిపాటి మరణాలతో పది అంశాల మోడల్ కడితే అది ఈ వార్డుని బట్టీపట్టినట్టవుతుంది తప్ప జబ్బుని అర్థం చేసుకోదు. 28 రోజుల్లో వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులు మా ప్రధాన ఫలితం. చనిపోతే సున్నా. పిమ్-3 ఒక్కటే ఉన్న మోడల్, దానికి హార్మోన్లు చేర్చిన మోడల్, మళ్లీ దానికి సమయం, మందులు, ఆల్బుమిన్ చేర్చిన మోడల్. మూడో మెట్టు మీద కూడా హార్మోన్ నిలబడితేనే అది ఏదో చెబుతున్నట్టు లెక్క.

పరికరం కొలవగలిగిన కనిష్ఠానికి కిందికి పోయే టీ3 విలువల్ని సున్నాగా రాయకూడదని, 'ఇంతకంటే తక్కువ' అనే గుర్తుతో విడిగా ఉంచాలని కూడా ఇక్కడే తేలింది. అలా పోయేది ఎక్కువ జబ్బుతో ఉన్న పిల్లలకే. వాళ్లనే డేటాలోంచి పారేస్తే ఇక మిగిలేదేముంది?

బ్యాచ్ రన్‌కి ముందు

విశ్లేషణ ప్రణాళికకి తేదీ వేసి, తాళం వేశాం. ఇక కాలమ్‌లు మార్చడానికి లేదు. ఫారాల్లో ఇంకా ఖాళీగా ఉన్నవి ఎక్కువగా రెండే: రిఫర్ చేసినచోట ఏ మందుతో ఇంటుబేట్ చేశారన్నది, మొదటి లక్షణం సమయం. మొదటిది ఫోన్లతో నింపుతున్నాను. రెండోది నింపలేనివాటిని ఖాళీగానే ఉంచుతున్నాం. ఊహించి రాసే ప్రసక్తి లేదు.

ల్యాబ్‌కి పంపిన మెయిల్‌లో మూడు విషయాలు అడిగాను. అన్ని శాంపిళ్లకీ ఒకే లాట్ నంబర్ కిట్లు. ఒక పిల్లవాడి మూడు శాంపిళ్లూ ఒకే రన్‌లో. బయోటిన్ తీసుకున్న పిల్లల ట్యూబుల్ని విడిగా ఒక రాక్‌లో పెట్టడం. మొదటి రెండింటికీ సరేనన్నారు. మూడోదానికి బయోకెమిస్ట్రీ సార్ ఫోన్ చేసి, "ఆ ట్యూబుల్ని మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉన్న ల్యాబ్‌కి పంపే వీలుందేమో కనుక్కుంటాను, ఆ పద్ధతిలో బయోటిన్ గొడవ ఉండదు" అన్నారు. ఆ ట్యూబుల జాబితా రేపు ఆయనకి పంపాలి.